సున్నం డ్రమ్ము మీద మీగడ నుంచి జిప్సం మూట దాకా: గాలిని పట్టేసే కెమిస్ట్రీ

ఈ రోజు ఎపిసోడ్ కళ్యాణదుర్గంలో మా ఇంటి పెరట్లో షూట్ చేస్తున్నాను. మధ్యమధ్యలో కోళ్లు అరుస్తాయి, కాస్త అడ్జస్ట్ అయిపోండి. నా ముందు ఒక పాత డ్రమ్ము కనబడుతోంది కదా, అందులో ఉన్నది సున్నం. మా వెనకింటి రాతి గోడలకు ఇప్పటికీ సున్నమే కొడతాం. నిన్న సాయంత్రం నీళ్లు కలిపి పెట్టాం, మూత పెట్టడం మర్చిపోయాం. పొద్దున చూస్తే పైన ఇదిగో, కెమెరా దగ్గరగా తీసుకొస్తా, పల్చటి గట్టి పొర. వేలితో తడితే చిటుక్కున విరుగుతుంది. మా జేజి దీన్ని సున్నం మీగడ అనేది. చిన్నప్పుడు దాన్ని పుల్లతో పొడిచి పగలగొట్టడం నా డ్యూటీ.

పాల మీద మీగడ పాలలోంచే వస్తుంది. ఈ మీగడలో సగం మాత్రం గాలిలోంచి వచ్చింది. నిన్న రాత్రంతా ఈ డ్రమ్ము చుట్టుపక్కల గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని రాయిగా మార్చుకుంటూ కూర్చుంది. దీని పేరే కెమికల్ అబ్జార్ప్షన్. ఇంటర్ పుస్తకంలో రసాయన శోషణం అని ఉంటుంది. ఎరువుల ఫ్యాక్టరీలు, పవర్ ప్లాంట్లు, ఆపరేషన్ థియేటర్లు, అంతరిక్ష నౌకలు, అన్నీ ఈ డ్రమ్ము చేసే పనినే చేస్తాయి. కొన్ని చోట్ల ఈ పని సరిగ్గా జరగక మనుషులు చనిపోయారు కూడా. అక్కడికి కూడా వెళ్దాం.

ముందు సున్నం సంగతి. సున్నపు రాయి అంటే కాల్షియం కార్బొనేట్. బట్టీలో దాదాపు 900 డిగ్రీల దగ్గర కాల్చితే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, మిగిలేది గుల్ల సున్నం. దాన్ని నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. చూసే ఉంటారు. ఆ టైమ్‌లో పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఉడికిన తర్వాత తయారైన తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. దాన్ని గోడకు కొడతాం. కొట్టిన రోజు చెయ్యి రాస్తే తెల్లగా అంటుకుంటుంది. కొన్ని వారాలు పోతే అంటుకోదు. నీళ్లు ఆరిపోయాయి కాబట్టి అనుకుంటాం. అది సగమే నిజం. ఆ వారాలన్నీ గోడ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా లాక్కుని మళ్లీ సున్నపు రాయిగా మారుతోంది. బట్టీలో ఏది పోయిందో అదే గోడ మీద తిరిగి వచ్చింది.

ఇప్పుడు మీ ఇంట్లో చేయగలిగే పని ఒకటి. తాంబూలంలోకి వాడే సున్నం ఒక స్పూను తీసుకుని గ్లాసు నీళ్లలో కలపండి. గంట సేపు కదపకుండా ఉంచండి. పైన తేరిన నీళ్లని మాత్రం ఇంకో గ్లాసులోకి వంచుకోండి. దాంట్లో స్ట్రా పెట్టి మెల్లగా ఊదండి. ఊదడమే, పీల్చొద్దు, ప్లీజ్. చిందకుండా కళ్లకు అద్దాలేమైనా పెట్టుకోండి.

(ఊదుతూ) చూడండి, అర నిమిషంలో పాలలాగా అయిపోయింది. నా ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నపు రాయి పొడిగా మారింది. ఇక్కడి దాకా టెన్త్ క్లాసులో అందరూ చూసిందే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను, ఇంకా ఊదుతా.

(కొన్ని నిమిషాల తర్వాత) పాలు మళ్లీ తేటగా అవుతున్నాయి, కనబడుతోందా? ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్ ఆ పొడిని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చింది, అది నీళ్లలో కరిగిపోతుంది. మనకు దగ్గర్లోనే, తాడిపత్రి దాటాక కొలిమిగుండ్ల పక్కన బెలుం గుహలు ఉన్నాయి కదా. ఆ గుహల్ని తొలిచింది కూడా ఈ రియాక్షనే. నేల పొరల్లో కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకున్న నీళ్లు లక్షల ఏళ్లు సున్నపు రాయిని ఇలాగే కరిగించుకుంటూ పోయాయి.

ఇప్పుడు ఈ తేట నీళ్లను స్టవ్ మీద పెట్టి మరిగిద్దాం. మళ్లీ తెల్లబడింది! వేడికి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోయింది, పొడి మిగిలింది. అనంతపురం జిల్లా వాళ్లకు ఇది కొత్తేం కాదు. బోరు నీళ్లు కాచే గిన్నెలో అడుగున తెల్లగా పట్టేస్తుందే, అమ్మలు చింతపండు పెట్టి తోముతారే, ఆ పొర ఇలా వచ్చిందే.

ఈ మూడో స్టెప్పును గుర్తు పెట్టుకోండి. చల్లగా ఉన్నప్పుడు గ్యాస్‌ను పట్టుకో, వేడి చేస్తే వదిలెయ్. వేల కోట్ల ఇండస్ట్రీ ఈ ఒక్క వాక్యం మీద నడుస్తోంది.

ఒక తేడా చెప్పుకోవాలి. గోలీ సోడాలో కూడా నీళ్లలో గ్యాస్ ఉంటుంది. అది ఫిజికల్ అబ్జార్ప్షన్. అక్కడ నీళ్లకు, గ్యాస్‌కు గట్టి బంధమేం లేదు. పైనుంచి ప్రెషర్ ఉన్నంత సేపే గ్యాస్ లోపల ఉంటుంది. గోలీ నొక్కగానే బుస్సుమని లేచిపోతుంది. 25 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో, వంద శాతం కార్బన్ డయాక్సైడ్‌ను పైన పెట్టినా లీటరు నీళ్లలో కరిగేది సుమారు ఒకటిన్నర గ్రాము. ఫ్యాక్టరీ పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు పదో వంతే ఉంటుంది. కాబట్టి లీటరుకు 0.15 గ్రాము వస్తుంది. దీంతో పొగను కడగాలంటే చెరువులకు చెరువులు కావాలి. మా కళ్యాణదుర్గంలో చెరువు నిండిన సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇక పొగకు నీళ్లెక్కడివి!

కెమికల్ అబ్జార్ప్షన్‌లో ట్రిక్ ఏంటంటే, నీళ్లలోకి దిగిన ప్రతి గ్యాస్ అణువును లోపల ఉన్న కెమికల్ వెంటనే పట్టుకుని వేరే పదార్థంగా మార్చేస్తుంది. అప్పుడు నీటి లెక్కలో ఆ గ్యాస్ లేనట్టే. ఖాళీ అయిన చోట్లోకి ఇంకో అణువు దిగుతుంది. బస్సులో సీట్లన్నీ నిండితే ఇంకెవరూ ఎక్కలేరు. ఎక్కినవాళ్లను ఎక్కినట్టే వెనక డోరు నుంచి ఇంకో బస్సులోకి పంపేస్తుంటే? ఎక్కుతూనే ఉంటారు. అంతే.

కార్బన్ డయాక్సైడ్‌కు ఆ రెండో బస్సు పేరు అమీన్. అమ్మోనియాకు చుట్టం లాంటి కెమికల్, వాసన కూడా కొంచెం అలాగే ఉంటుంది. అందులో అందరికీ తెలిసింది మోనోఇథనాలమీన్. ఈ పద్ధతికి 1930లోనే అమెరికాలో రాబర్ట్ బాటమ్స్ పేరు మీద పేటెంట్ వచ్చింది. నీళ్లలో 30 శాతం ఈ అమీన్ కలిపితే, లెక్క ప్రకారం కిలో ద్రావణం వంద గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ పట్టగలదు. ఆచరణలో దాంట్లో సగం అనుకోండి. సగమైనా 50 గ్రాములు. ఇందాక ఉత్త నీళ్లకు ఎంత వచ్చింది? 0.15. మూడు వందల రెట్ల తేడా.

దీన్ని పెద్ద టవర్‌లో చేస్తారు. టవర్ ఎలా ఉంటుందో ఊహించడానికి మీ ఇంట్లో ఎండాకాలం కూలర్‌ని చూడండి. పక్కల గడ్డి ఉంటుంది, పైనుంచి నీళ్లు దాని మీద కారతాయి, గాలి దాని గుండా పోతుంది. గడ్డి ఎందుకు? నీళ్లు పల్చటి పొరలా పరుచుకుని గాలికి ఎక్కువగా తగలాలని. అబ్జార్ప్షన్ టవర్‌లో గడ్డి బదులు స్టీలు రేకుల మడతలో, చిన్న చిన్న రింగులో నింపుతారు. పొగ కింద నుంచి పైకి, అమీన్ పై నుంచి కిందికి. ఎందుకలా ఎదురెదురుగా? పైకి వెళ్లేసరికి పొగలో కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోయి ఉంటుంది, ఆ మిగిలిన కాస్తా పట్టాలంటే అప్పుడే దిగుతున్న తాజా అమీన్ కావాలి. కింద కడుపు నిండిన అమీన్‌ను ఇంకో టవర్‌లోకి పంపి 120 డిగ్రీల దాకా వేడి చేస్తారు. గ్యాస్ వదిలేస్తుంది. చల్లబరిచి మళ్లీ మొదటి టవర్‌కు. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మన స్ట్రా ఎక్స్‌పరిమెంటే, సైజు పెద్దది.

దీనికి మన ఆంధ్రాలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కాకినాడలో నడిచిన నాగార్జున ఫర్టిలైజర్స్. యూరియా ఫ్యాక్టరీ. యూరియా చేయడానికి రెండే ముడిసరుకులు: అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్. టన్ను యూరియాకు సుమారు 0.57 టన్నుల అమ్మోనియా, 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, సహజ వాయువుతో అమ్మోనియా చేసేటప్పుడు పక్కన కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, కానీ ఆ అమ్మోనియా మొత్తాన్ని యూరియాగా మార్చడానికి అది సరిపోదు. కొంచెం తక్కువ పడుతుంది. అమ్మోనియా మిగిలిపోతుంది. అదే ఫ్యాక్టరీలో ఇంకో పక్క కొలిమి పొగ గొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఊరికే ఆకాశంలోకి పోయేది! ఒక గదిలో ఉప్పు లేదని వెతుకుతూ ఇంకో గదిలో ఉప్పును పారబోసుకున్నట్టు.

జపాన్ కంపెనీ మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ ఆ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్లాంట్‌ను కాకినాడకు ఇచ్చింది. 2009లో మొదలైంది. రోజుకు 450 టన్నుల సామర్థ్యం. అంతకు ముందే, 2006లో, ఉత్తరప్రదేశ్‌లో ఇఫ్కో వాళ్ల ఆంవ్లా, ఫూల్పూర్ యూరియా ఫ్యాక్టరీలకు కూడా ఇలాంటివే ఇచ్చింది. వాడే ద్రావణం పేరు కేఎస్-1, కాన్సాయ్ ఎలక్ట్రిక్ పవర్‌తో కలిసి తయారు చేసిన ప్రత్యేకమైన అమీన్. పాత రకం కంటే దీనికి గ్యాస్‌ను వదిలించడానికి తక్కువ వేడి చాలు, స్టీలును తినేయడం కూడా తక్కువ.

450 టన్నులంటే ఎంత? 0.73తో భాగిస్తే రోజుకు సుమారు 614 టన్నుల యూరియా. మనకొచ్చే మూట 45 కిలోలు. అంటే రోజుకు దాదాపు 13,600 మూటలకు సరిపడే కార్బన్ డయాక్సైడ్, పొగ గొట్టంలోంచి తీసింది.

ఇది చెప్పగానే కామెంట్స్‌లో ఒకరు తప్పకుండా రాస్తారు, 'అన్నా, అయితే యూరియా పర్యావరణానికి మంచిదన్నమాట' అని. కాదు తమ్ముడూ. ఒక్కో మూటలో 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాగి ఉంది, నిజమే. కానీ చేలో చల్లిన కొద్ది రోజుల్లో మట్టిలోని ఎంజైమ్ యూరియాను విడగొట్టేస్తుంది. అమ్మోనియా మొక్కకు, కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలికి. కాకినాడ పొగ గొట్టంలో పోవాల్సింది, మూటెక్కి వచ్చి కళ్యాణదుర్గం చేలో పోయిందంతే. గ్యాస్‌ను పట్టడం వేరు, దాచడం వేరు. కార్బన్ క్యాప్చర్ గురించి పెద్ద పెద్ద హెడ్డింగులు చూసినప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: పట్టారు సరే, తర్వాత ఎక్కడ పెట్టారు?

రెండో ప్రశ్న, వేడి ఎక్కడి నుంచి తెచ్చారు? అమీన్‌తో గ్యాస్‌ను వదిలించడానికి బోలెడు ఆవిరి కావాలి. బొగ్గు పవర్ ప్లాంట్ తన పొగ మొత్తాన్ని ఇలా కడగాలంటే తను చేసే కరెంటులో నాలుగో వంతు దాకా ఈ పనికే పోతుంది. ఎన్‌టీపీసీ 2022లో మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ ప్లాంట్‌లో ఒక క్యాప్చర్ యూనిట్ మొదలుపెట్టింది. రోజుకు 20 టన్నులు. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఒకటి ఫుల్లుగా నడిస్తే రోజుకు దాదాపు పది వేల టన్నులు వదులుతుంది. 20కీ, పది వేలకీ మధ్య ఉన్న దూరమే మొత్తం కథ. నేను దీన్ని తక్కువ చేయట్లేదు, నేర్చుకోవడానికి ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి. కానీ ఎంత దూరం ఉందో తెలిసి ఉండాలి కదా.

చిన్న కరెక్షన్ ఒకటి, నాదే. పాత ఎపిసోడ్‌లో మన జిల్లా బోరు నీళ్ల ఫ్లోరైడ్ గురించి మాట్లాడుతూ, ఫిల్టర్‌లోని అల్యూమినా ఫ్లోరైడ్‌ని 'అబ్జార్బ్' చేసుకుంటుంది అన్నాను. ఒక కెమిస్ట్రీ లెక్చరర్ గారు కామెంట్‌లో పట్టుకున్నారు. అది అడ్జార్ప్షన్, అధిశోషణం. ఫ్లోరైడ్ ఆ గింజల ఉపరితలం మీద అతుక్కుంటుంది. అబ్జార్ప్షన్ అంటే లోపలికంతా కలిసిపోవడం. గోడకు పోస్టర్ అంటించడానికీ, పాలలో చక్కెర కలపడానికీ ఉన్న తేడా. థాంక్యూ సార్.

ఇప్పుడు సున్నం ప్రాణాలు కాపాడే చోటు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే మెషిన్ పక్కన ఒక పారదర్శక డబ్బా ఉంటుంది, నిండా తెల్లటి గింజలు. సోడా లైమ్ అంటారు. ఎక్కువ భాగం మన సున్నమే, కొంచెం కాస్టిక్ సోడా, కొంచెం తడి. మత్తులో ఉన్న మనిషి వదిలిన ఊపిరిలో ఖరీదైన మత్తు వాయువు ఉంటుంది కాబట్టి పారబోయరు, అదే గాలిని తిప్పి మళ్లీ ఇస్తారు. తిప్పే దారిలో కార్బన్ డయాక్సైడ్‌ని ఈ గింజలు పట్టేస్తాయి. సున్నం అయిపోయే కొద్దీ గింజలు ఊదా రంగులోకి మారతాయి, అంటే డబ్బా మార్చాలని. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమగాములను కాపాడింది కూడా ఇలాంటి డబ్బాలే, కాకపోతే సున్నం బదులు లిథియం హైడ్రాక్సైడ్. ఒక నౌకలో డబ్బాలు చదరంగా, రెండో నౌకలో రంధ్రాలు గుండ్రంగా. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపు పెట్టి అతికించుకున్నారు. సినిమా ఉంది, చూడండి.

అన్నిసార్లూ ఇలా అతుక్కోలేదు. 1984 డిసెంబర్ 2 రాత్రి, భోపాల్.

యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఒక ట్యాంకులో మిథైల్ ఐసోసయనేట్ ఉంది. అందులోకి నీళ్లు చేరి రియాక్షన్ మొదలైంది. దాదాపు 40 టన్నుల విషవాయువు బయటికొచ్చింది. అలాంటి లీకు వస్తే పట్టడానికే అక్కడ ఒక స్క్రబ్బర్ టవర్ ఉంది, కాస్టిక్ సోడా ద్రావణంతో. అంటే మనం ఇందాక చెప్పుకున్న టవరే. ఆ రాత్రికి అది స్టాండ్‌బైలో ఉంది. ట్యాంకును చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజరేషన్ ఆపేసి ఉంది. మిగిలిన గ్యాస్‌ను మండించాల్సిన ఫ్లేర్ టవర్ పైపు మరమ్మతు కోసం ఊడదీసి ఉంది. ఇవన్నీ అలా ఉంచండి, ఆ స్క్రబ్బర్ పూర్తిగా పనిచేసినా ఆ వేగంతో వచ్చిన గ్యాస్‌ను పట్టేంత సైజు దానికి లేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక మాట తరచూ వినేవాణ్ని: సర్వర్ ఉందా అని కాదు, పీక్ ట్రాఫిక్‌కు నిలబడుతుందా అని అడుగు. అక్కడ సర్వర్ పడిపోతే యాప్ ఆగుతుంది. ఇక్కడ ఊరు ఊరే నిద్రలో పోయింది. వేల మంది.

అబ్జార్బర్‌కు రెండు లెక్కలుంటాయి. మొత్తం ఎంత పట్టగలదు, సెకనుకు ఎంత పట్టగలదు. మొదటిది కెమికల్ ఎంత ఉందనే దాన్ని బట్టి, రెండోది టవర్ సైజు, ద్రావణం ఎంత జోరుగా తిరుగుతోంది అనే దాన్ని బట్టి. రెండో లెక్క తప్పితే మొదటిది ఎంతున్నా దండగ. ఇంకో సంగతి, ప్రతి గ్యాస్‌కూ దానికి తగ్గ కెమికల్ ఉండాలి. కాస్టిక్ సోడా ఆమ్ల వాయువుల్ని పడుతుంది. 2020 మే 7న విశాఖలో లీకైన స్టైరీన్ లాంటి వాటిని పట్టదు, దాంతో రియాక్టే అవ్వదు. మీలో చాలామంది రేపు పరవాడలోనో, పటాన్‌చెరులోనో, జీడిమెట్లలోనో ఫార్మా, కెమికల్ కంపెనీల్లో చేరతారు. మొదటి రోజు సేఫ్టీ ట్రైనింగ్‌లో స్క్రబ్బర్ ఫొటో చూపిస్తారు. దాంట్లో ఏ కెమికల్ ఉంది, ఎప్పుడు మార్చారు, పంపు ఇప్పుడు ఆన్‌లో ఉందా, ఈ మూడూ అడగండి. తప్పుగా అనుకుంటే అనుకోనీ.

సరే, ఇప్పుడు జిప్సం మూట దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు ఈ ఎపిసోడ్ పుట్టింది దాని వల్లే. మాది బుడ్డల సేద్యం. బుడ్డలంటే వేరుశనగ, వేరే జిల్లాల వాళ్లకు. పూత అయ్యి ఊడలు దిగే టైమ్‌లో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు. ఎందుకో తెలుసా? మిగతా పంటల్లో వేరు తీసుకున్న కాల్షియం నీళ్లతో పాటు పైకెళ్లి కాయకు చేరుతుంది. బుడ్డ కాయ భూమిలో ఉంటుంది, అక్కడ ఆవిరి పోదు కాబట్టి ఆకుల వైపు వెళ్లిన కాల్షియం దానికి రాదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచే, తన తోలుతోనే కాల్షియం తీసుకోవాలి. అందుకే కాయ పడే చోటే వేయాలి. లేకపోతే పైకి కాయ బాగానే ఉంటుంది, ఒలిస్తే లోపల పప్పు ఉండదు. వానే సరిగ్గా పడని చోట, పడిన ఏడాది కూడా తాలు కాయలు వస్తే ఆ బాధ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పోయిన సీజన్లో మూటలు దించుతూ మా నాయన అడిగాడు, 'ఒరేయ్, అన్నీ చెప్తావు కదా ఫోన్లో, ఈ జిప్సం యాడ నుంచి వస్తాదో చెప్పు చూద్దాం.'

కొంత రాజస్థాన్ గనుల నుంచి వస్తుంది. కొంత ఫాస్ఫేట్ ఎరువుల ఫ్యాక్టరీల నుంచి, ఉదాహరణకు విశాఖలో కోరమాండల్ లాంటివి. ఆ రెండో దాని కథ మళ్లీ అబ్జార్ప్షనే. గంధకాన్ని కాల్చి సల్ఫర్ ట్రయాక్సైడ్ చేస్తారు, దాన్ని శోషింపజేసి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తారు. తమాషా ఏంటంటే, దాన్ని నేరుగా నీళ్లలోకి పంపరు. పంపితే వేడికి ఆమ్లం పొగమంచులా లేచి టవర్ దాటి పోతుంది, పట్టడం కష్టం. అందుకే 98 శాతం గాఢమైన ఆమ్లంలోకే పంపుతారు, అది శుభ్రంగా మింగేస్తుంది, తర్వాత కావాల్సినంత నీళ్లు కలుపుకుంటారు. ఆ ఆమ్లాన్ని ఫాస్ఫేట్ రాయి మీద పోస్తే ఎరువుకు కావలసిన ఫాస్ఫారిక్ ఆమ్లం ఒక పక్క, జిప్సం ఇంకో పక్క.

జిప్సం పుట్టే ఇంకో చోటు బొగ్గు పవర్ ప్లాంట్ల పొగ గొట్టం. మనకు ఒక వైపు బళ్లారి పక్కన కుడితిని, ఇంకో వైపు ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్. బొగ్గులో కొంచెం గంధకం ఉంటుంది, కాలితే సల్ఫర్ డయాక్సైడ్. పొగను సున్నపు రాయి పొడి కలిపిన నీళ్లతో కడిగితే ఆ గ్యాస్ అందులో ఇంకి, గాలి ఊదితే జిప్సంగా మారుతుంది. మీ వంటింట్లో కడప బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది కదా, ఆమ్లం సున్నపు రాయిని తినడమే అది. ఇక్కడ ఆమ్లం పొగలోంచి వస్తుంది, అంతే తేడా. టన్ను సల్ఫర్ డయాక్సైడ్ పడితే సుమారు 2.7 టన్నుల జిప్సం వస్తుంది. పక్కన 0.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, సున్నపు రాయిలోంచి. ఫ్రీగా ఏదీ రాదు. ఈ ఏర్పాటును ఎఫ్‌జీడీ అంటారు, ఫ్లూ గ్యాస్ డీసల్ఫరైజేషన్. లండన్‌లో బ్యాటర్సీ పవర్ స్టేషన్ 1930ల్లోనే పొగను కడిగింది.

మన దేశంలో 2015 డిసెంబర్‌లో పర్యావరణ శాఖ బొగ్గు ప్లాంట్లకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది. రెండేళ్లు టైమ్ ఇచ్చారు. తర్వాత గడువు జరుగుతూ, జరుగుతూ పోయింది. చివరికి 2025 జులైలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది: ఢిల్లీ పరిసరాలకు, పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవి పెట్టాల్సిందే, బాగా కలుషితమైన ప్రాంతాల దగ్గర ఉన్నవి ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు, మిగతావాటికి, అంటే సుమారు 78 శాతం ప్లాంట్లకు, పొగ గొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే మినహాయింపు. కారణాలుగా చెప్పినవి, మన బొగ్గులో గంధకం తక్కువ, ఖర్చు కరెంటు బిల్లు మీద పడుతుంది, సున్నపు రాయి తవ్వడం వల్ల, ప్లాంట్ నడపడం వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది అని. ఇవి అబద్ధాలు కావు. అయితే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో వందల కిలోమీటర్లు పోతూ పోతూ సల్ఫేట్ ధూళిగా మారుతుంది, ఊపిరితిత్తుల లోపలికి దిగే సైజులో. గొట్టం ఎత్తు పెంచితే అది మన ఊరు దాటి పక్క ఊరికి పోతుంది, మాయం కాదు. పది కిలోమీటర్ల గీత దగ్గర ఆగమని గాలికి ఎవరు చెప్తారు? అన్ని ప్లాంట్లకూ ఒకే రూల్ వద్దన్నది నేను ఒప్పుకుంటా. దూరాన్ని బట్టి గీత గీయడం మాత్రం నాకు నచ్చలేదు. మీకు వేరే అభిప్రాయం ఉంటే కామెంట్‌లో రాయండి, చదువుతా.

ఇదంతా నాయనకు చెప్పాను, ఇంత ఇంగ్లీషు లేకుండా. ఆయన మూట మీద కూర్చుని విన్నాడు. విని అడిగాడు: 'అయితే బళ్లారి కాడ పొగలోనే జిప్సం తయారైతాదంటే, మనం రాజస్థాన్ నుంచి లారీ బాడిగ ఎందుకు కట్టాల?'

మంచి ప్రశ్న. పొగ కడిగిన జిప్సం ఎక్కువగా సిమెంట్ ఫ్యాక్టరీలకు, బోర్డుల తయారీకి పోతుంది. చేలో వేయాలంటే బొగ్గులోంచి వచ్చే పాదరసం లాంటి లోహాలు ఎంత ఉన్నాయో ల్యాబ్‌లో చూడాలి, తేమ తగ్గించాలి, మూట కట్టాలి. అమెరికాలో ఒహాయో లాంటి రాష్ట్రాల్లో రైతులు దీన్ని పరీక్షించి వాడుతున్నారు. ముందు ప్లాంట్‌లో ఎఫ్‌జీడీ అంటూ ఉండాలి కదా, నాయనా, అన్నాను.

'ఉంటే చెప్పు,' అని లేచి, ఇంకో మూట భుజానికెత్తుకున్నాడు.